తెరపై తెలుగు పుస్తకము: సాధనము నెన్నుకొను విధము



డిజిటల్ పుస్తకములను చదువుటకు తగిన సాధనమును తక్కువ వెలలో ఎన్నుకొనుట యెట్లనునది నేటి ప్రసంగవిషయము. నేను పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. యంత్రశాస్త్రము చదివినవాడను కాను. అయినను, యంత్రమును చేసినవాని కెంత తెలిసినను, దానిలోని పుస్తకమును చదువుట సుఖముగా నున్నదో లేదో చెప్పవలసినవాడు చదువరియే గదా! ఆ యధికారముతోనే ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

నా నివాసము ఎల్బీ నగరు. నల్లగొండ, సూర్యాపేట వైపునుండి వచ్చు బస్సులు మా కూడలిమీదుగానే పట్టణము ప్రవేశించును. 2018 సెప్టెంబరు 24వ తేదీని ఇచ్చటికి మెట్రో రైలు వచ్చినది మొదలు, కుమారుల యిండ్లకు వచ్చు పెద్దలు దిల్‌సుఖ్‌నగరు అంగళ్లకు పోయివచ్చుట సులభమైనది. వారిలో కొందఱు "పుస్తకములు చదువుకొను యంత్ర మొకటి యిమ్ము" అని అడిగి, అంగడివాడు చూపినదానిని కొని, గ్రామమునకు తీసికొనిపోవుచున్నారు. నెల తిరుగకమున్నే అది బీరువాలో చేరును. "ఇక మన కండ్లు పుస్తకమునకు పనికిరావు" అని ఆ పెద్దలు నిశ్చయించుకొందురు. డబ్బు పోవుట యొక నష్టము. చదువు మానుట అంతకంటె పెద్ద నష్టము. అక్కడ లోపము కన్నులది కాదు, యంత్రముది కాదు. పుస్తకమునకును తెరకును కొలత కుదరలేదు, అంతియే. కావున యంత్రము నడుగుటకు ముందు, మనము చదువదలచిన పుస్తక మెట్టిదో తెలిసికొనవలయును.

డిజిటల్ పుస్తకములు రెండు తెఱగులు. మొదటిది ఛాయాచిత్రముల పుస్తకము. పాత ముద్రణప్రతిని పుటవెంబడి పుటగా చిత్రము తీసి కూర్చినది. దీనిని సాధారణముగా పీడీఎఫ్ అందురు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో, చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆచార్య రాజ్‌రెడ్డిగారు పూనుకొనిన పది లక్షల పుస్తకముల పథకములో భాగముగా, మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీయును పాల్గొనగా, వేలకొలది తెలుగు గ్రంథము లిట్లు చిత్రములుగా మాఱినవి. వానిలో పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవు అను అంతర్జాల గ్రంథాలయమున ఉచితముగా లభించుచున్నవి.

రెండవది అక్షరముల పుస్తకము. ఇందు ప్రతి యక్షరమును యంత్రమునకు తెలిసిన సంకేతముతో వ్రాసియుందురు. యూనికోడ్ అను ఆ సంకేతములలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. ఈపబ్ అనునది ఇట్టి పుస్తకమునకు పేరు. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగా పనిచేయువారు పాత గ్రంథములను ఈ విధముగా మఱల వ్రాసి పెట్టుచున్నారు.

ఈ రెంటికిని గల భేదమే మన యెన్నికకు మూలము. అక్షరముల పుస్తకమున అక్షరమును పెద్దది చేసినయెడల పంక్తులు తమంతట తామే సర్దుకొనును. తెర చిన్నదైనను బాధ లేదు. చిత్రముల పుస్తకమున అట్లు కాదు. పుట యంతయు తెరలో నిముడవలయును. లేదా పెద్దది చేసి, ప్రతి పంక్తికిని అటునిటు జరుపుకొనుచు చదువవలయును.

ఇక కొలతలు చూతము. 6 అంగుళముల తెర యనగా మూలనుండి ఎదుటి మూలకు 6 అంగుళములు. దాని వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు, పొడవు సుమారు 12. మన పాత పుస్తకములలో మిక్కిలి వాడుకలో నున్న డెమ్మీ 1/8 సైజు పుట వెడల్పు సుమారు 14, పొడవు సుమారు 22 సెంటీమీటర్లు. ఆ పుట ఈ తెరలో నిమిడినపుడు అక్షరము సగముకంటె కొంచెము పెద్దదిగా మాత్రమే కనబడును. 7 అంగుళముల తెరయందును మూడింట రెండు వంతులు మించదు. 10 అంగుళముల ట్యాబుతెర వెడల్పు పదుమూడున్నర, పొడవు ఇరువది యొకటిన్నర. ఇందు పుట ఇంచుమించు ముద్రణపు కొలతలోనే నిలుచును.

ఇంగ్లీషువానికి అక్షరము చిన్నదైనను కొంత గడచును. మనకు అక్షరము క్రింద వత్తు, పైన గుడి, ప్రక్కన అరసున్న కలవు. "అర్థము" అనుటకును "అర్ధము" అనుటకును ఉన్న భేద మొక్క చుక్క. ఆ చుక్క కనబడనిచో భావమనుమాట సగమనుమాటగా మాఱును. పద్యము చదువువారికి ఇది చిన్న విషయము కాదు.

ఇప్పుడు యంత్రముల మాట. ఈ-రీడరు అనునది చదువుట కొఱకే చేసిన పలక. కిండిల్ అను పేరుతో 2007లో వచ్చినది వీనిలో ప్రసిద్ధము. దీని తెరలో వెండ్రుకవాసి బుడగ లసంఖ్యాకముగా నుండును. ఒక్కొక్క బుడగలో తెల్లని రేణువులును నల్లని రేణువులును విరుద్ధమైన విద్యుత్తుతో నుండును. విద్యుచ్ఛక్తి తగిలినపుడు ఒక జాతి పైకి, ఒక జాతి క్రిందికి పోయి అక్షర మేర్పడును. ఏర్పడిన పిదప విద్యుత్తు లేకున్నను అది నిలిచియుండును. అందుచేత ఒకమాఱు ఛార్జి చేసిన వారములకొలది వచ్చును. ఎండలోను కాగితమువలె తేటగా కనబడును. కాని పుటను పెద్దది చేయుట, జరుపుట దీనికి నెమ్మది. అదియుగాక, కిండిలు పుస్తకశాలలో 2016 డిసెంబరున హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకములను ప్రత్యేకముగా చేర్చినపుడు తెలుగు ఆ వరుసలో లేదు. కావున మీకు కావలసిన తెలుగు పుస్తకము దానియందు తెఱచి చూడకుండ వెల చెల్లింపరాదు.

ట్యాబు అనునది పెద్ద సెల్‌ఫోనువంటిది. తెర వెనుకనుండి వెలుగు వచ్చును, ఎండలో మసకబారును, దినమో రెండు దినములో గడచిన ఛార్జి పెట్టవలయును. కాని చిత్రముల పుస్తకమును, అక్షరముల పుస్తకమును రెంటిని చూపును. కన్నులు అలసినపుడు అక్షరముల పుస్తకమును తెలుగులో చదివి వినిపించు ఏర్పాటు కూడ చేసికొనవచ్చును.

10 అంగుళముల సాధారణ ట్యాబు సుమారు 15 వేల రూపాయల ప్రాంతమున దొరకును. చిన్న ఈ-రీడరు వెలయు దానికి మిక్కిలి దూరము కాదు. పెద్ద తెర గల ఈ-రీడరు ముప్పది వేలు దాటును. కాబట్టి పురాణములు, కావ్యములు, పాత పత్రికలు చదువగోరువారు 10 అంగుళముల ట్యాబును కొనుట మేలు. ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకములో, అక్షరరూపమున దొరకు కథలో చదువువారికి చిన్న ఈ-రీడరు హాయి. రెండును కావలెనన్నచో ట్యాబే శరణ్యము.

అంగడికి పోవుటకు ముందు మనుమనితోనో మనుమరాలితోనో చెప్పి, ఒక పాత పద్యకావ్యపు పీడీఎఫును, ఒక తెలుగు ఈపబును సెల్‌ఫోనులో దింపించుకొని పొండు. వానిని ఆ యంత్రమునకు పంపించి, మీ చదువు కండ్లద్దములు పెట్టుకొని, పుట యంతయు ఒక్కమాఱు చూడుడు. అర్థము, అర్ధము వేఱుగా కనబడవలయును. ఈపబులో లక్ష్మి, రాష్ట్రము, సంస్కృతి అను పదములను వెదకుడు. వత్తులు విడిపోయి ప్రక్కప్రక్కన నిలిచినయెడల ఆ యంత్రమునకు తెలుగు రాదని తెలియును. యంత్రము పెట్టెలోనే యున్నది, విప్పరాదు అన్న యంగడినుండి మఱొక యంగడికి పొండు. దిల్‌సుఖ్‌నగరులో అంగళ్లకు కొదువ లేదు.

ఉపకరణములలో అవసరమైనవి కొన్నియే. తెర పగులకుండ మూతగల కవరు కావలయును. మెఱపు తగ్గించు గరుకు పొర తెరకు అంటించిన దీపముక్రింద చదువుట సుఖము. మెమరీ కార్డు పెట్టుకొను వీలు గల ట్యాబును ఎన్నుకొనుడు. ఊరిలో అంతర్జాలము లేకున్నను పట్టణములో నింపించుకొనిన కార్డు చాలును. పుస్తక మొకటికి 30 ఎంబీ చొప్పున లెక్కించినను 64 జీబీ కార్డులో రెండువేల పుస్తకములు పట్టును. విలువైన స్టాండు కొన నక్కఱలేదు. ఇంటనున్న వ్యాసపీఠమే ట్యాబునకు చక్కని యాసనము. తెరపై వ్రాయు కలము, కీబోర్డు మొదలగునవి అంటగట్టబోయిన వలదనుడు.

పుస్తకములు సంపాదించుటయందు రెండు జాగ్రత్తలు. ఇంటర్నెట్ ఆర్కైవులో తెలుగు పేర్లు తఱచుగా ఇంగ్లీషక్షరములలో, అదియు తప్పులతో వ్రాయబడియున్నవి. ఒక వ్రాతలో దొరకనిది మఱొక వ్రాతలో దొరకును. మన దేశపు చట్టము ప్రకారము గ్రంథకర్త మరణించిన సంవత్సరమునకు తరువాత 60 సంవత్సరములవఱకు, ఆయన జీవించియుండగా వెలువడిన గ్రంథములపై హక్కు నిలుచును. 1915లో మరణించిన గురజాడవారివి, 1953లో మరణించిన సురవరము ప్రతాపరెడ్డిగారివి ఇప్పు డందఱి సొత్తు. జీవించియున్న రచయిత పుస్తకమును మాత్రము వెల యిచ్చియే చదువుట ధర్మము.

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము 1901లో స్థాపింపబడినది. పుస్తకము కొఱకు పెద్దలు దూరాభారములకోర్చి అట్టి నిలయములకు పోయెడి కాల మొకటి యుండెను. ఇప్పుడు పుస్తకమే మన యరుగుమీదికి రాగలదు. మీ యింట చెదలు తినుచున్న ప్రతి యేదైన నున్నయెడల, ముందుగా దాని పేరే వెదకించుడు. అది దొరకినచో, ఆ పుట స్పష్టముగా కనబడు తెరనే కొనుడు. అంతకుమించిన పరీక్ష లేదు.

సెలవు.