పిచ్చిమొక్కల్లో ఇనుప నగిషీలు

రోడ్డు పక్కన మొలిచిన పిచ్చిమొక్కని ఎవరైనా పనిగట్టుకుని ఫొటో తీస్తారా? తీస్తే గులాబీనో తామరపువ్వునో తీస్తారు. జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ మాత్రం ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పిచ్చిమొక్కల వెంటే పడ్డాడు. బెర్లిన్ శివార్లలో తిరుగుతూ, రైలుకట్టల పక్కనా బీడునేలల్లోనూ పెరిగిన ముళ్లమొక్కల్నీ ఫెర్న్‌లనీ కోసుకొచ్చేవాడు.

నిజానికి ఆయన ఫొటోగ్రాఫర్‌గా ఎక్కడా శిక్షణ పొందలేదు. ఆయన మాస్టారు. బెర్లిన్‌లోని కళల పాఠశాలలో 1898 నుంచి పనిచేశాడు. చెప్పే పాఠం, సజీవంగా ఉన్న మొక్కల్ని చూసి నమూనాలు చెయ్యడం. చిక్కల్లా ఒకటే. కోసుకొచ్చిన మొక్క పాఠం అయ్యేలోగా వాడిపోయేది. గోరంత మొగ్గలోని మెలికలు వెనక వరసలో కూర్చున్న కుర్రాడికి కనిపించేవి కావు. ఆ అవసరానికే ఆయన కెమెరాని వాడుకున్నాడు.

పద్ధతి చాలా సాదా. మొక్క వెనక తెల్లటిదో బూడిదరంగుదో నల్లటిదో ఓ అట్ట. కెమెరాలో గాజు నెగెటివ్. వెలుగు మాత్రం ఉత్తరం వైపు నుంచి వచ్చే మెత్తటి పగటి వెలుగే. సూటిగా ఎండ పడితే నీడలు నల్లగా గడ్డకట్టి, ఆకుమీది సన్నటి నూగు మాయమైపోతుంది. మెత్తటి వెలుగులో ఆ నూగూ, కాడమీది గీతలూ కూడా తేలతాయి. అయితే అలాంటి వెలుగులో ఒక్క ఫొటోకి నిమిషాల తరబడి పట్టేది. ఆ కాసేపూ మొక్క కదలకూడదు!

ఇలా తీసినవాటిని కొన్నిసార్లు 30 రెట్ల దాకా పెద్దవి చేసేవాడు. అప్పుడు గుమ్మడి నులితీగలు పాతకాలపు మేడల ఇనుప గ్రిల్లులా కనిపిస్తాయి. ఫెర్న్ చిగురు బిషప్ చేతికర్ర వంపులా ఉంటుంది. ఇంకెవరైనా ఇదే తీగని తీస్తే ఇనుమే కనిపించేదా? అనుమానమే. బ్లాస్‌ఫెల్ట్ పుట్టింది 1865లో, హార్జ్ కొండల పల్లెలో. కుర్రతనంలో పని నేర్చుకున్నది నగిషీ వస్తువులు పోతపోసే ఇనుప కార్ఖానాలో. ఆ చేత్తో చేసిన మెలికల్నే ఆ కన్ను మొక్కల్లో వెతుక్కుంది. తాను కళాకారుణ్నని ఆయన చెప్పుకోలేదు, పాఠం కోసం తీశాడంతే. కానీ బొమ్మ చూస్తే తీసిన మనిషి తెలిసిపోతాడు.

ఉన్నదున్నట్టు తీశాడనుకుంటే మాత్రం పొరపాటు. అడ్డొచ్చిన ఆకుల్ని కత్తిరించేవాడు, కాడల్ని నిలబెట్టి అమర్చేవాడు, నెగెటివ్ మీద మరకలుంటే సరిదిద్దేవాడు. ఇది మోసమా? వృక్షశాస్త్రవేత్తకి కావచ్చు. రూపం కోసం వెతికేవాడికి కాదు.

ఇన్నేళ్ల పనీ బడి గోడలు పెద్దగా దాటలేదు. 1926లో కార్ల్ నీరెన్‌డార్ఫ్ అనే గ్యాలరీ యజమాని బెర్లిన్‌లో ప్రదర్శన పెట్టాడు. 1928లో 120 బొమ్మలతో 'ఉర్‌ఫార్మెన్ డెర్ కున్‌స్ట్' పుస్తకం వచ్చింది. 'కళకు ఆదిరూపాలు' అని అర్థం. వాల్టర్ బెంజమిన్ అంతటి విమర్శకుడు మెచ్చుకుంటూ సమీక్ష రాశాడు. అప్పటికి మాస్టారి వయసు 63. మరో పుస్తకం 1932లో వెలువడింది. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశాడు.

ఈ పని చెయ్యడానికి బెర్లిన్ దాకా వెళ్లక్కర్లేదు. తుమ్మి, ఉత్తరేణి, జిల్లేడు మన గట్లమీద కావలసినన్ని. సెల్‌ఫోను కెమెరా చాలు, ఫ్లాష్ ఆపెయ్యాలి. ఉత్తరపు కిటికీ ఉంటే సరే, లేకపోతే మబ్బు పట్టిన ఉదయం. తుమ్మి తెల్లపూలకి వెనక నల్ల అట్ట, ఉత్తరేణి కంకికి తెల్ల అట్ట. తీసేముందు ఫ్యాను కట్టెయ్యడం మర్చిపోకూడదు.