గోడమీది చేప

చేప వుండవలసింది చట్టిలోగాని గోడమీద కాదని మా ఆవిడ సిద్ధాంతం. అందుకే ఆ పటం కొని తెచ్చిన రోజున ఖరీదు సగానికి సగం తగ్గించి చెప్పాను. పొరుగూళ్ళో పాత వస్తువులమ్మే దుకాణంలో దొరికింది. రెండువందల యేళ్ళనాటి రాగిరేకు అచ్చు, చేత్తో వేసిన రంగులు అన్నాడు దుకాణదారు. అడుగున బ్లోఖ్ పేరు కూడా వుంది. ఇంకేం, పొంగిపోయాను.

మార్కుస్ బ్లోఖ్ బెర్లిన్‌లో వైద్యుడు. 1782 నుంచి 1795 దాకా 432 రంగు పలకలతో చేపల గ్రంథం వెలువరించాడు. అప్పట్లో రంగుల అచ్చు యెలా వుండేదనుకున్నారు? రాగిరేకుమీద చేపబొమ్మను సన్నని ఉలితో గీస్తారు. గీతల్లో సిరా నింపి, పైన అంటినది తుడిచేసి, తడి కాగితం పరచి బరువైన రోలరు కింద నొక్కుతారు. నల్లగీతల బొమ్మ వస్తుంది. ఆపైన పనివాళ్ళు మాదిరి బొమ్మను యెదురుగా పెట్టుకొని, కుంచెతో వొక్కొక్క కాగితానికీ నీటిరంగులు వేయాలి. అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చంగా వొకలా వుండవు. బ్లోఖ్ చేపల పొలుసులు తళతళలాడటానికి వెండి, బంగారం పూతలు కూడా వేయించాడు. ఆ వెండి కాలక్రమాన నల్లబడుతుంది.

నా చేప పొట్టమీద నలుపన్నది మచ్చుకైనా లేదు. అప్పుడే అనుమానం రావలసింది!

అనుమానం మా బావమరిదికి వచ్చింది. అతను ప్రెస్సులో పనిచేసినవాడు. పటం విప్పించి, భూతద్దం పెట్టి, “బావా, ఇలా చూడు,” అన్నాడు. చూశాను. చేప లేదు, చుక్కలున్నాయి! గులాబీ, పసుపు, నీలం, నలుపు చుక్కలు వరుసగా. కుంచె రంగైతే చుక్కలుండవు. అక్కడక్కడ గీత దాటి వొలికి వుంటుంది. కాగితం అంచున వేలితో తడిమితే రాగిరేకు నొక్కిన పల్లం తగలాలి. నున్నగా తగిలింది. మా ఆవిడ అప్పుడు అసలు ఖరీదు అడిగింది. చెప్పక తప్పలేదు. ఆ రాత్రి భోజనంలో చేపలేదని వేరే చెప్పాలా?

నన్ను వోదార్చడానికో యేమో, బావమరిది మర్నాడు మరో పాత బొమ్మను ఇంటర్నెట్‌లోంచి అచ్చు తీసి తెచ్చాడు. అది మన విశాఖపట్నం చేప! కుంపిణీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ ఇక్కడ వుండగా సేకరించిన చేపల గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. రెండు సంపుటాలు. బొమ్మలకు మూలం ఇక్కడి చిత్రకారుడు గీసినవే. పుస్తకం మొదటి పుటలో మాత్రం రస్సెల్ దొర పేరే. అయితే దొర వొక మంచిపని చేశాడు. చేపలకు మన జాలర్లు పిలిచే పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో వేయించాడు. “కనగుర్త” అని రాసినదాన్ని ఫ్రెంచి పండితుడు కువియే 1816లో శాస్త్రనామంలో కలిపేశాడు. ఈనాటికీ ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఆ చేపను రాస్ట్రెల్లిగర్ కనగుర్త అనే అంటారు. మన పులసకు ఆ భాగ్యం దక్కలేదు. రస్సెల్ రాసిన పేరునుబట్టి కువియే 1829లో దానికి “పలస” అనే నామకరణం చేశాడుగాని, అంతకు 7 యేళ్ళ ముందే హామిల్టన్ “ఇలిష” అని బెంగాలీ పేరు పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందట. గోదావరి జిల్లాలవారు నన్ను క్షమించాలి.

ఆ పూట చేపలు తెచ్చిన ముసలమ్మకు కనగుర్త బొమ్మ చూపించాను.

“కానాగంత గాదా బాబూ! మరి రంగేది?” అంది.

నిజమే, రస్సెల్ పలకలకు రంగులేదు. మా అమ్మాయి రంగులపెట్టె పట్టుకొచ్చి కూచుంది. ముసలమ్మ తట్ట దించి, చేపను చేత్తో పట్టుకొని చూపిస్తూ మొదలుపెట్టింది. “ఈపు మీద నీలం, అందులో పచ్చ కలపాల తల్లీ. పొట్ట తెలుపు. ఈ చారలు సన్నంగా ఎయ్యి. రెక్క కింద నల్లచుక్క మరిసిపోకు!”

గంట పట్టింది. రంగు రెండుచోట్ల గీత దాటింది. ఆలస్యమైందని ముసలమ్మ నాలుగు కానాగంతలు యెక్కువ రేటుకే అంటగట్టింది.

పాత పటంలోంచి బ్లోఖ్ చేపను తీసేశాం. కొత్తది బిగించి మేకు కొట్టింది మా ఆవిడే.