కదలని కారుకే జబ్బులెక్కువ

పాత కారు తిరిగి తిరిగి పాడవుతుందన్నది సాధారణ నమ్మకం. ఒకే ఇంటి ఆవరణలో మూడు నాలుగు పాత కార్లు చేరినప్పుడు మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. నడిపేవారు ఒకరో ఇద్దరో కాబట్టి వాటిలో ఒకటి రోజూ రోడ్డెక్కుతుంది, మిగిలినవి వారాల తరబడి గుడ్డ కప్పుకొని నిలబడతాయి, బ్యాటరీ చావడం, కార్బురేటరు పూడుకుపోవడం, బ్రేకులు పట్టేయడం వంటి జబ్బులన్నీ ఆ నిలబడిన వాటికే ముందుగా వస్తాయి. అందుచేత పాత కార్లను పోషించే విద్యలో మరమ్మతు కంటే ముందు నేర్వవలసింది, నిలిపి ఉంచడం వల్ల కలిగే నష్టాన్ని గుర్తుపట్టడం. ఆ నష్టంలో చాలా భాగాన్ని నాలుగు పానాలు, ఒక ఫీలర్ గేజీ, ఒక మల్టీమీటరు పట్టే చిన్న డబ్బాతో ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు.

హైదరాబాదులో ఈ విద్యకు తార్నాక తగిన చోటు. 1918లో ఏర్పడి, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరుచుకున్నాక అడిక్‌మెట్‌లో స్థిరపడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక వైపు, 1944 నాటి ప్రయోగశాల నుంచి ఎదిగిన ఐఐసీటీ, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 1961 నాటి ఎన్‌జీఆర్ఐ, 1977 నాటి సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలు మరో వైపు ఉండడంతో, నంబర్లతో పిలిచే ఇక్కడి వీధుల్లో అధ్యాపకులూ శాస్త్రవేత్తలూ ఇళ్లు కట్టుకున్నారు. నెలజీతగాళ్లు బుకింగు కట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూసి కారు కొనుక్కున్న కాలమది. అంత నిరీక్షణతో వచ్చిన బండిని, అమ్మితే చేతికి వచ్చేది నామమాత్రమే అయినప్పుడు, అమ్మబుద్ధి కాకపోవడంలో వింత లేదు. ఒక తరం కారు పక్కన తరువాతి తరం కారు వచ్చి నిలిచింది. సేకరణ అనే పెద్దమాటకు మొదలు చాలాచోట్ల ఇంతే.

ఆ వరుసలో తరచుగా కనిపించేవి మూడు. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్ ఒకటి. ఫియట్ 1100 వంశంలో పుట్టి, 1089 సీసీ ఇంజనుతో 1970లలో పద్మిని అనే పేరు తెచ్చుకున్న ప్రీమియర్ కారు రెండోది. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన, మూడు సిలిండర్ల 796 సీసీ మారుతి 800 మూడోది. బానెట్ ఎత్తితే ఏ భాగం ఎక్కడుందో కంటికి కనిపించడం, కంప్యూటరు తగిలించకుండానే లోపం పట్టుబడడం ఈ కార్ల తొలి నమూనాలకు ఉన్న గొప్ప సుగుణం.

నిలిపి ఉంచిన కారులో మొదట దెబ్బతినేది బ్యాటరీ. ఆరు గదుల సీసం-ఆమ్లం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మల్టీమీటరులో 12.6 వోల్టులకు పైన చూపుతుంది, 12.2 దగ్గరకు వస్తే సగం ఖాళీ అయినట్టే. వాడకపోయినా అది తనంతట తాను కరిగిపోతుంది, ఎండలు ముదిరేకొద్దీ మరింత త్వరగా కరుగుతుంది. అలా దిగిపోయిన స్థితిలో చాలాకాలం ఉంటే లోపలి పలకల మీద సీసపు సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి చేసినా పూర్తిగా కరగవు. కారు నెల రోజులు కదలదని తెలిసినప్పుడు నెగెటివ్ తీగను విప్పి పక్కన పెట్టడం, నెలకొకసారి చిన్న ఛార్జరు తగిలించడం, గదుల్లో నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయడం దీనికి విరుగుడు. టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో, ఆ నీరు గదుల్లోకి దిగకుండా జాగ్రత్తపడుతూ కడిగి, ఆరాక పైన వాసెలిన్ పూయాలి.

రెండో దెబ్బ పెట్రోలుది. కార్బురేటరు అంటే పెట్రోలును గాలిలో సరైన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించే పరికరం. దాని అడుగున ఫ్లోటు తేలే చిన్న గిన్నెలో కొద్దిపాటి పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. కారు నిలిచినప్పుడు ఆ పెట్రోలు ఆవిరై జిగట మిగులుతుంది, ఆ జిగట సూదిబెజ్జమంత ఉండే జెట్లను మూసేస్తుంది. స్లో రన్నింగులో ఇంజను ఆగిపోతూ, రేస్ చేస్తే మాత్రం నడిచే కారులో ముందుగా అనుమానించవలసింది ఈ జెట్‌నే. దాన్ని విప్పి శుభ్రం చేయడం అరగంట పని; అయితే ఇనుప తీగతో పొడిస్తే బెజ్జం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి, క్లీనరు కొట్టి గాలి ఊదడమే పద్ధతి. పెట్రోలులో కలిపే ఇథనాల్ ఈ చిక్కును పెంచింది. 2025లో దేశం ఇరవై శాతం ఇథనాల్ మిశ్రమాన్ని అందుకుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలూ గ్యాస్కెట్లూ మార్చవలసి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వశాఖ కూడా ఒప్పుకుంది. ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఉన్న పైపులను ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చడం ఇంటి మరమ్మతుల్లో చౌకైనది; బానెట్ కింద నిప్పు పుట్టకుండా కాపాడేదీ అదే. నిజానికి ఇంధనం మారడం ఈ కార్లకు కొత్త కాదు: 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చినప్పుడు, సీసం వల్ల వాల్వు సీట్లకు అరుగుదల నుంచి దొరికే రక్షణ పోయింది.

ఇక పాయింట్లు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు ముందు కార్లలో, డిస్ట్రిబ్యూటరు మూత కింద రెండు చిన్న లోహపు మొనలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, అవి విడివడిన ప్రతిసారీ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. వానాకాలంలో తేమ పట్టి వాటి మీద పొర కడుతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా కారు అందుకోదు. సన్నని ఎమెరీ కాగితంతో ఆ మొనలను రుద్ది, వాటి మధ్య ఎడాన్ని ఫీలర్ గేజీతో అర మిల్లీమీటరుకు కాస్త లోపుగా, ఆ కారు పుస్తకంలో చెప్పిన అంకెకు సర్దితే చాలాసార్లు ఇంజను వెంటనే పలుకుతుంది. అదే సమయంలో ప్లగ్గులు విప్పి చూస్తే అవి ఇంజను జాతకం చెబుతాయి: మొన బిస్కెట్టు రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు, పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, నూనె తడితో నల్లగా ఉంటే రింగులో వాల్వు గైడ్లో అరిగినట్టు, తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువై వేడెక్కుతున్నట్టు. డాక్టరు నాలుక చూసినట్టే ఇది, పైగా ఫీజు లేదు.

రేడియేటరు విషయంలో షెడ్లలో పాతుకుపోయిన ఒక అలవాటును తప్పుపట్టక తప్పదు. ఇంజను తగిన వేడికి చేరేదాకా నీటిని ఆపి ఉంచే థర్మోస్టాటును ‘మన ఎండలకు ఇదెందుకు’ అని పీకి పారేయడం ఆ అలవాటు. దానివల్ల ఇంజను ఎప్పుడూ చల్లగానే నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. బోరునీటిలోని సున్నం రేడియేటరు గొట్టాల్లో గారకడుతుంది కాబట్టి, కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడం మేలు.

బ్రేకుల దగ్గర ఇంటి మరమ్మతుకు హద్దు గీసుకోవాలి. బ్రేకు ద్రవం తేమను పీల్చుకునే గుణం కలది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ అంకె 140 దాకా పడిపోవచ్చు, పైగా ఆ తేమ చక్రాల సిలిండర్లలో తుప్పు పుట్టిస్తుంది. రెండేళ్లకొకసారి ద్రవం మార్చి గాలి తీయడం ఇద్దరు మనుషులుంటే ఇంట్లో అయ్యే పనే. మాస్టర్ సిలిండరు విప్పడం, స్టీరింగు కీళ్లు మార్చడం మాత్రం అనుభవం ఉన్న మేస్త్రీకే వదలాలి. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు.

సామాన్లకు సికింద్రాబాదు రాణిగంజ్, కోఠి దగ్గరి పుత్లీబౌలి ఉన్నాయి. అక్కడ పేరు చెప్పి అడగడం కంటే పాత భాగాన్ని చేతిలో పట్టుకుపోయి చూపడం మంచిది, ఎందుకంటే ఒకే కారులో ఏడాదికీ ఏడాదికీ భాగాలు మారాయి.

కాగితాల ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి; ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో పదివేల రూపాయలకు పెంచింది. యాభై ఏళ్లు దాటి, మూలరూపం చెడని వాహనాలకు 2021 నిబంధనల ప్రకారం ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు దొరుకుతుంది, అయితే ఆ నంబరు పెట్టుకున్న బండిని రోజువారీ పనులకు వాడకూడదు. తొలి పద్మినులు ఇప్పుడిప్పుడే ఆ వయసుకు చేరుతున్నాయి. కూరగాయలకు వెళ్లే పద్మినికి ఆ గౌరవం అక్కరలేదు.

వీటన్నిటికీ పైన, ప్రతి కారునూ పదిహేను రోజులకొకసారి నిజంగా నడపాలి. గేటు లోపల ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే చల్లని ఇంజనులో పుట్టిన నీటి ఆవిరి ఆయిలులోనూ సైలెన్సరులోనూ నిలిచిపోతుంది, సెల్ఫ్ తిన్న ఛార్జి తిరిగి బ్యాటరీకి చేరదు. ఆదివారం తెల్లవారుజామున, నడకకు వచ్చేవారికి దారి వదులుతూ, తార్నాక వైపు నుంచి ఆర్ట్స్ కాలేజీ మీదుగా ఎన్‌సీసీ గేటు దాకా, ఇంకా దూరం కావాలంటే విద్యానగర్ దాటి వెళ్లి వస్తే ఇంజను పూర్తి వేడికి వస్తుంది, గేర్లన్నీ పడతాయి, బ్రేకులు తుప్పు రాల్చుకుంటాయి. ఇంటికి వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి చాపి, తాకకుండానే వేడి చూడాలి. ముందు చక్రాలు రెండూ ఒకేలా, వెనక చక్రాలు రెండూ ఒకేలా ఉండాలి. ఏదైనా ఒకటి తన జోడీకన్నా సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టి వదలడం లేదని అర్థం, వచ్చే ఆదివారం ఆ చక్రం పని చూడాలని డబ్బాలోని నోటుపుస్తకంలో రాసుకోవాలి.