నీళ్లు దిగితే కనిపించే ఊళ్లు

అమెరికాలో రిటైరైన పెద్దోళ్లు చలికాలం రాగానే ఇల్లులాంటి బండేసుకుని ఎడారుల వైపు పోతారు. అక్కడ పాడుబడిన ఊళ్లు చూస్తారు. నెవాడాలో రయొలైట్ అట్లాంటిదే. 1904లో ఆ చుట్టుపక్కల బంగారం దొరికితే పుట్టింది, 1920 కల్లా దాదాపు ఖాళీ అయిపోయింది.

నేనూ రిటైరైనాను. నాకున్నది పాత వ్యాను. వెనక సీటు తీసేసి పరుపు, స్టవ్వు, నీళ్ల క్యాను పెట్టుకున్నా. మన కర్నూలు, కడప వైపు కూడా ఖాళీ అయిన ఊళ్లున్నాయి. కానీ కారణం వేరే. అక్కడ బంగారం అయిపోయి ఊరు పోయింది. ఇక్కడ, చుక్క నీటికి కటకటలాడే సీమలో, నీళ్లొచ్చి ఊళ్లు పోయినాయి.

శ్రీశైలం డ్యాం 1981లో పూర్తయింది. నిండితే 885 అడుగులు. దానికోసం కృష్ణా, తుంగభద్రల పక్కన ఎన్నో ఊళ్లు ఖాళీ చేయించినారు. మా అమ్మ పుట్టినూరు అందులో ఒకటి. ఆ నీళ్లే పోతిరెడ్డిపాడు నుంచి కాలువల్లో గండికోట దాకా పోతాయి. అక్కడా తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగినాయి. ఆ నీళ్లు వాడుకునేదీ మనమే.

ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. అట్లనే ఒక ఏడు మా తాత ఇంటి గడప రాయి కూడా తేలింది. అమ్మను తీసుకుపోయినా. ఏడుస్తుందేమో అనుకున్నా. చెప్పులు విడిచి, గడప దాటి, "ఇది వంటిల్లు" అనింది.

మీరు పోతే బురద చూసుకోండి, పైన ఎండినట్టే ఉంటుంది, కాలు పెడితే దిగిపోతుంది. రాయి, పెంకు ఏదీ తేవద్దు. అది ఒకరి ఇల్లు. మీ ఇంట్లో పెద్దోళ్లుంటే, మునిగిన ఊరి ముచ్చట్లు ఈరోజే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఉంటానండి.