ముసలి పార్కుకు ఏం కావాలి?

కాలిఫోర్నియాలోని బ్యూనా పార్క్ పట్టణంలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే వినోద పార్కు ఉంది. అందులో ఒకే ఒక్క భవనం చరిత్ర చూస్తే చాలు, వయసు మీద పడ్డ పార్కులు చేసే తప్పులూ ఒప్పులూ అన్నీ ఒకే కప్పు కింద కనిపిస్తాయి. 1975లో ఆ భవనంలో 'బేరీ టేల్స్' అనే రైడ్ మొదలైంది. అంతకుముందు డిస్నీలో పనిచేసిన రాలీ క్రంప్ దాని రూపకర్త. బెర్రీ పళ్ల తీపి వంటకాలు చేసుకుని సంతకు బయల్దేరిన ఎలుగుబంట్ల కథ అది. చిన్న బండిలో కూర్చుని వెళ్తుంటే వంటకాల కమ్మటి వాసన కూడా ముక్కుకు తగిలేది. 1986లో దాన్ని మూసి, మరుసటి ఏడు అదే చోట డైనోసార్లను పెట్టారు. 2004లో డైనోసార్లూ పోయాయి. తర్వాత చాలా ఏళ్లు ఆ చోటు ఖాళీగా పడి ఉంది. 2015లో తెరలు, త్రీడీ కళ్లద్దాలు, బొమ్మ తుపాకులతో సముద్రగర్భ యుద్ధం వచ్చింది. అయిదేళ్లు తిరక్కుండానే 2020 మొదట్లో దానికీ తాళం పడింది. 2021లో ఆ భవనంలోకి మళ్లీ ఎవరొచ్చారు? అవే ఎలుగుబంట్లు, అదే బెర్రీ వాసన. ముప్పై అయిదేళ్ల పాటు ఇన్ని రకాలుగా ఖర్చు చేసి, చివరికి పార్కు తాను వదిలేసిన దాని దగ్గరికే తిరిగొచ్చింది.

ఇది పాతదంతా బంగారమని చెప్పే కథ కాదు. దీని నుంచి తీయాల్సిన లెక్క వేరు. ఏ పార్కులోనైనా రెండు రకాల ఆకర్షణలుంటాయి: డబ్బుంటే ఎవరైనా ఎక్కడైనా కొనగలిగేవి కొన్ని, అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకనివి కొన్ని. పార్కు పాతబడ్డప్పుడు రెండో రకాన్ని మరమ్మతు చేసి నిలబెట్టుకోవాలి. కొత్తవాటికి చోటు కావాలంటే మొదటి రకాన్ని తీసెయ్యాలి. చాలా యాజమాన్యాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. కొత్త రైడ్‌కు పత్రికా సమావేశం పెట్టవచ్చు, పోస్టర్ వేయవచ్చు. పాత రైడ్‌లో పాడైన మోటారు మారిస్తే దానికి రిబ్బను కత్తిరించేవాళ్లుండరు.

నాట్స్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఆ పార్కును ఎవరూ పార్కుగా తలపెట్టలేదు. వాల్టర్ నాట్ కుటుంబం 1920లో అక్కడ బెర్రీ తోట పెట్టింది. కనుమరుగు కాబోతున్న బాయ్‌సెన్‌బెర్రీ అనే సంకర జాతి మొక్కను బతికించి అమ్మకానికి తెచ్చిన ఘనత నాట్‌దే. 1934లో ఆయన భార్య కార్డీలియా ఇంట్లోని పెళ్లినాటి పింగాణీ పళ్లాల్లో వేపుడు కోడి మాంసం భోజనం వడ్డించి అమ్మడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే ఆ భోజనం కోసం జనం గంటల తరబడి వరుసలో నిలబడసాగారు. వాళ్లకు పొద్దుపోవడానికి 1940లో పక్కనే 'ఘోస్ట్ టౌన్' కట్టడం మొదలైంది. బంగారం, వెండి గనులు ఖాళీ అయ్యాక జనం వదిలేసి పోయిన పడమటి ఊళ్లకు అది నమూనా. 1960లో అక్కడ గని రైలు, 1969లో కొండలోంచి నీళ్లమీద జారే దుంగల పడవ వచ్చాయి. రెండూ బడ్ హర్ల్‌బట్ అనే ఒక్క మనిషి కల్పన. ప్రహరీ కట్టి ప్రవేశ రుసుము పెట్టింది 1968లో. అంటే ఆ పార్కు అసలు ఆస్తి తోట, భోజనం, పాత ఊరు, కొండ. ఇవి ఏ కంపెనీ కేటలాగులోనూ దొరకవు.

ఇలాంటి రైడ్‌లు ఒక్కరోజులో పాడవవు. అదే వాటితో వచ్చే చిక్కు. ఒక బొమ్మ చెయ్యి కదలడం ఆగిపోతుంది. సీజను మధ్యలో రైడ్ ఆపడం ఎందుకని అలాగే వదిలేస్తారు. ఓ మూల దీపం మాడిపోతుంది, ఇంకో మూల స్పీకరు గరగరలాడుతుంది. రోజూ చూసే సిబ్బందికి కళ్లు అలవాటు పడిపోతాయి. పదేళ్లు గడిచేసరికి రైడ్ నడుస్తూనే ఉంటుంది గానీ కథ చెప్పడం మానేస్తుంది. అప్పుడు ఎవరో సర్వే చేస్తారు, జనానికి ఇది విసుగొచ్చిందని తేలుస్తారు. జనానికి విసుగు పుట్టించింది రైడా, నిర్వహణలోని నిర్లక్ష్యమా అన్న ప్రశ్న మాత్రం ఆ సర్వేలో ఉండదు. నాట్స్ ఈ ప్రశ్న వేసుకుందనే అనుకోవాలి. 2013లో దుంగల పడవ రైడ్‌ను, 2014లో గని రైలును మూసి, యంత్రాలతో కదిలే బొమ్మల తయారీలో పేరున్న గార్నర్ హోల్ట్ సంస్థ చేత లోపలంతా కొత్తగా చేయించింది. కొండ అదే, కాలువ అదే, చివర్లో 42 అడుగుల జారుడు అదే. బొమ్మలు, వెలుగులు, శబ్దాలు మారాయి. సురభి నాటక సమాజం వాళ్ల 'మాయాబజార్'కు వెళ్లే ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు, ఘటోత్కచుడు ఏం చేస్తాడో తెలుసు. కళ్లెదుటే ఆ మాయ ఎలా జరుగుతుందో చూడటానికే అతను టికెట్ కొంటాడు. పాత రైడ్ ఎక్కేవాడి ఆశా అదే. మాయ సరిగ్గా జరిగితే చాలు, కథ మార్చమని అతను అడగడు.

పాత ఎముకల మీద కొత్త చర్మం ఎప్పుడూ అతుకుతుందని కూడా చెప్పలేం. డిస్నీల్యాండ్‌లో జరిగిన ఒక వైఫల్యం దీనికి మంచి పాఠం. అక్కడ టుమారోలాండ్ అనే విభాగంలో నింపాదిగా తిరిగే పీపుల్‌మూవర్ బళ్లు 1967 నుంచి నడిచేవి. 1995లో వాటిని ఆపి, అదే ఎత్తైన దారి మీద 1998లో 'రాకెట్ రాడ్స్' అనే వేగపు బళ్లను దించారు. నిదానంగా తిరగడానికి కట్టిన దారిలో మలుపులు చదునుగా ఉంటాయి. వేగంగా పోవాలంటే మలుపు దగ్గర దారి ఒక పక్కకు వాలి ఉండాలి. దారిని మళ్లీ కట్టడానికి డబ్బు పెట్టలేదు కాబట్టి బండి ప్రతి మలుపులోనూ వేగం తగ్గించుకుని, మళ్లీ ఒక్క ఉదుటున పెంచుకోవాల్సి వచ్చింది. టైర్లు అరిగాయి, రైడ్ మాటిమాటికీ ఆగింది, 2000లో మొత్తానికే మూతపడింది. ఇక్కడ తప్పు పాత దారిని వాడుకోవడం కాదు, ఆ దారి దేనికి పనికొస్తుందో పట్టించుకోకపోవడం. పీపుల్‌మూవర్‌కు కొత్త బళ్లూ కొత్త మోటార్లూ అమర్చి ఉంటే ఎండలో నడిచి అలసిన వాళ్లు కాసేపు కూర్చుని గాలి పీల్చుకునే చోటు మిగిలేది. ఇప్పుడు ఆ దారి నడినెత్తిన ఖాళీగా నిలబడి ఉంది.

ఫ్లోరిడాలో ఇంకో రకం తప్పు జరిగింది. ఎప్‌కాట్ పార్కులో 1983 నాటి 'జర్నీ ఇన్‌టు ఇమాజినేషన్' రైడ్‌కు ఫిగ్‌మెంట్ అనే ఊదారంగు పిల్ల డ్రాగన్ ప్రాణం. 1999లో రైడ్‌ను తిరగరాసినప్పుడు ఆ డ్రాగన్‌ను దాదాపుగా తీసేశారు. సందర్శకులు ఊరుకోలేదు. రెండేళ్లకే మళ్లీ మూసి, 2002లో ఫిగ్‌మెంట్‌ను తిరిగి తెచ్చారు. ఒకే రైడ్‌కు రెండుసార్లు ఖర్చు. ఎక్కేవాళ్లు దేని కోసం ఎక్కుతున్నారో ముందే కనుక్కుంటే ఒకసారితో పోయేది.

పాతవాటిని నిలబెట్టుకోవాలన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. కుర్రాళ్లకు గుండెలదిరే రోలర్ కోస్టర్లు కావాలి, బొమ్మలూ పడవలూ ఎవరిక్కావాలి అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. టికెట్లు తెగాలంటే పోస్టరు మీద ఏదో ఒక భారీ రైడ్ ఉండాల్సిందే. అయితే దేన్ని తీసి దేన్ని పెడుతున్నారన్నదే అసలు విషయం. నాట్స్‌లో 1975లో 'కార్క్‌స్క్రూ' వచ్చింది. ఆధునిక కాలంలో మనుషుల్ని తలకిందులుగా తిప్పిన మొదటి రోలర్ కోస్టర్‌గా దానికి చరిత్రలో స్థానం ఉంది. దాన్ని అమ్మేసి, 1990లో ఆ చోట 'బూమరాంగ్' పెట్టారు. అచ్చం అలాంటి బూమరాంగ్‌లు ప్రపంచంలో డజన్ల కొద్దీ ఉన్నాయి. నాట్స్ వదిలించుకున్న కార్క్‌స్క్రూను మాత్రం ఇడాహోలోని సిల్వర్‌వుడ్ పార్కు కొనుక్కుని దశాబ్దాల పాటు జనాన్ని తిప్పింది. 2017లో బూమరాంగ్‌నూ తీసేసి, మరుసటి ఏడు 150 అడుగుల 'హ్యాంగ్‌టైమ్' కట్టారు. నిట్టనిలువు కన్నా ఇంకా లోపలికి వాలి కిందికి దూకే ఆ కోస్టర్‌కు కుర్రాళ్లు క్యూ కడితే తప్పేముంది? ఎక్కడైనా దొరికేదాన్ని తీశారు, ఇంకా మెరుగైనదాన్ని పెట్టారు. 1990లో చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

అలాగని వేగానికీ పాతదనానికీ వైరం లేదు. 1998లో ఘోస్ట్ టౌన్ పక్కన కట్టిన 'ఘోస్ట్‌రైడర్' 4,533 అడుగుల పొడవైన కొయ్య కోస్టర్. కొయ్య కాబట్టి ఆ ఊరి ముఖానికి అతికింది. ఏళ్లు గడిచేకొద్దీ పట్టాలు వదులై, ఎక్కినవాళ్ల నడుములు పట్టేసేంత కుదుపు మొదలైంది. దాన్ని పడగొట్టలేదు. 2016 నాటికి పట్టాలు సరిచేసి, కొత్త బళ్లు తెచ్చారు. ఇతర పార్కుల్లో కొన్ని ముసలి కొయ్య కోస్టర్ల చట్రాన్ని ఉంచి, పైన ఉక్కు పట్టాలు వేసే పద్ధతి కూడా వచ్చింది. ఒహాయోలోని సెడార్ పాయింట్‌లో 1991 నాటి 'మీన్ స్ట్రీక్' ఇలాగే 2018లో 'స్టీల్ వెంజెన్స్'గా మారి, పేరున్న కోస్టర్లలో ఒకటైంది. పాతవాటికి విడిభాగాలు దొరకవు, భద్రతకు ముప్పు అనే వాదనకు ఇది కొంతవరకు జవాబు. నిజంగా ముప్పున్న రైడ్‌ను ఒక్కరోజు కూడా నడపకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ కొత్తదైతే నమ్మకంగా నడుస్తుందన్న హామీ కూడా లేదు. నాట్స్ 1997లో తెచ్చిన 'విండ్‌జామర్' కోస్టర్ నాలుగేళ్లయినా నిలవకుండా పోయింది.

తెరల, డిజిటల్ కళ్లద్దాల విషయంలో నా సందేహం ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ 2002 నాటి 'ఎయిర్' కోస్టర్‌కు 2016లో వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు తొడిగి 'గలాక్టికా' అని పేరు మార్చింది. ప్రతి మనిషికీ అద్దాలు తుడిచి, బిగించి, సరిచూసి పంపేసరికి క్యూ నత్తనడక నడుస్తుంది. కొన్నేళ్లకే ఆ అద్దాలు మాయమై, కోస్టర్ మామూలుగా నడవసాగింది. గంటకు ఎంతమందిని ఎక్కించగలరన్నదే పార్కుకు ప్రాణం, ఆ సంఖ్యను తగ్గించే ఏ కొత్తదనమైనా సందర్శకుడి జేబుకొట్టినట్టే. ఇంకోటి, తెర మీది బొమ్మ మనింట్లో టీవీ కన్నా వేగంగా పాతబడుతుంది. 1960ల నాటి కొండ పాతబడదు, మహా అయితే రంగు వెలుస్తుంది. నాట్స్ ఎలుగుబంట్లు తిరిగొచ్చింది కూడా తెరల మీదే, చేతిలో గురిపెట్టే ఆటబొమ్మలతోనే. నాకు అక్కడే కాస్త అసంతృప్తి. అయినా బెర్రీలూ ఎలుగుబంట్లూ ఆ పార్కు సొంతం కాబట్టి, తెరలు మార్చుకునే రోజు వచ్చినా కథ మిగులుతుంది.

ఇదంతా పాతకాలపు మోజు కాదా అని అడిగేవాళ్లున్నారు. నిజానికి జ్ఞాపకం కూడా కళ్లకు గంతలు కడుతుంది. డిస్నీల్యాండ్‌లో 1989 నాటి 'స్ప్లాష్ మౌంటెన్' పడవ రైడ్‌ను తీసుకోండి. దాని కథ 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ది సౌత్' సినిమాలోది. తోటల్లో బానిసత్వం తర్వాతి కాలపు నల్లవారి జీవితాన్ని తీపిపూత పూసి చూపిందన్న విమర్శ ఆ సినిమా మీద ఎప్పటినుంచో ఉంది. 2024లో ఆ కథను తీసి, 'టియానాస్ బాయూ అడ్వెంచర్' పెట్టారు. కొండా, నీటి దారీ, చివరి జారుడూ అలాగే ఉన్నాయి. మార్చాల్సింది మార్చారు, నిలవాల్సింది నిలిచింది. తమాషా ఏమిటంటే స్ప్లాష్ మౌంటెన్ కూడా పాత సరుకుతోనే పుట్టింది. 1974 నుంచి 1988 దాకా నడిచిన 'అమెరికా సింగ్స్' ప్రదర్శనలో పాడిన జంతువుల బొమ్మల్ని చాలామటుకు అందులోకి తరలించారు. పొదుపు చేయడం డిస్నీకి కూడా తెలుసు.

మొత్తంగా మార్చేసి బాగుపడ్డ పార్కు లేదా? ఉంది. డిస్నీల్యాండ్ పక్కనే 2001లో తెరిచిన కాలిఫోర్నియా అడ్వెంచర్‌కు జనం రాకపోతే, 2007లో వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో దాన్ని తిరిగి కట్టడానికి పూనుకున్నారు. 2012లో 'కార్స్ ల్యాండ్' తెరిచాక దాని దశ తిరిగింది. కానీ అది ముసలి పార్కు కాదు. ఆరేళ్ల వయసులో దానికి కాపాడుకోవాల్సిన జ్ఞాపకాలేం ఉన్నాయి? పైగా ఆ డబ్బు ఎందరి దగ్గరుంది?

డబ్బు తక్కువున్న పార్కులకు నాట్స్ చూపిన ఇంకో దారి మనుషులు. 1973లో అక్టోబరు రాత్రుళ్లు సిబ్బందికి దయ్యాల వేషాలు వేసి హాలోవీన్ ఉత్సవం మొదలుపెట్టింది. ఉన్న వీధులూ ఉన్న గని రైలే రంగస్థలం. 2016 వేసవిలో ఘోస్ట్ టౌన్ వీధుల్లో నటుల్ని దించి, సందర్శకుల్నే కథలో పాత్రల్ని చేసింది. ఉత్తరాలు మోసే పని పిల్లలకు అప్పజెప్పడం, వీధిలో గొడవ పెట్టుకోవడం, దొంగను పట్టడం లాంటివి. ఇందుకు కొత్త ఉక్కు అక్కర్లేదు, జీతాలు కావాలి. ఏటేటా కొత్త కథ రాసుకోవచ్చు. దీంతోపాటు నీడ, కూర్చునే బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీరు. వీటి గురించి ఎవరూ పోస్టరు వేయరు గానీ, ముసలి తల్లిదండ్రుల్నీ చంటిపిల్లల్నీ వెంటేసుకుని వచ్చే కుటుంబం రోజంతా ఉంటుందా, మధ్యాహ్నానికే ఇంటిదారి పడుతుందా అన్నది తేల్చేవి ఇవే.

ఈ పనులకు అడ్డొచ్చేది తరచూ డబ్బు కాదు, దూరం. నాట్ కుటుంబం 1997లో పార్కును సెడార్ ఫెయిర్ సంస్థకు అమ్మింది. ఆ సంస్థ 2024 జులైలో మరో పార్కుల సంస్థ సిక్స్ ఫ్లాగ్స్‌తో కలిసిపోయింది. విలీనం నాటికి వాటి కింద వినోద పార్కులూ నీటి పార్కులూ కలిపి 42 ఉన్నాయి. అన్ని పార్కుల లెక్కలు ఒకే బల్ల మీదికి వచ్చినప్పుడు, ఒకే రకం కోస్టర్‌ను నాలుగు చోట్ల పెడితే బేరం కలిసొస్తుందని ఎవరికైనా తోచడం సహజం. గని రైలులో ఏ బొమ్మ చెయ్యి ఆగిందో ఆ లెక్కల్లో కనిపించదు. అందుకే ప్రతి పాత పార్కుకూ కొత్త రైడ్‌ల పద్దులో కలవని మరమ్మతు నిధి ఒకటి విడిగా ఉండాలి. దాన్ని ఎక్కడ వాడాలో తేల్చే అధికారం ఆ పార్కులో రోజూ నడిచేవాళ్ల చేతిలో ఉండాలి.