పగులు చెక్కలో లేదు, బిగింపులో ఉంది

బంతి భోజనాలకూ, బడులకూ పొడవాటి బల్లలు కావాలి. టేకు ధర అందరికీ అందదు. అందుకే చాలామంది దేవదారు, పైన్ వంటి మెత్తని కలపతో చేయిస్తారు. ఒకటి రెండు వేసవులకే బల్ల నిలువునా పగిలితే చెక్కను తిట్టుకుంటారు. అసలు లోపం చాలాసార్లు బిగింపులోనే ఉంటుంది.

కలప పొడవులో దాదాపు మారదు. వెడల్పులో మాత్రం వానలకు ఉబ్బి, ఎండలకు కుదించుకుపోతుంది. 3 అడుగుల వెడల్పు బల్లలో ఈ తేడా పావు అంగుళం దాకా రావచ్చు. అడుగున అడ్డబద్దలను జిగురు పెట్టి మేకులతో బిగించేస్తే, కుదించుకునే వీలులేక చెక్క చీలుతుంది.

పలకల మధ్య పుల్లలు పెట్టి నీడన కొన్ని వారాలు ఆరనివ్వాలి. తర్వాత అంచులు చిత్రిక పట్టి, ఒకదానికొకటి జిగురుతో అతకాలి. కొసన కనిపించే వలయాల వంపు ఒక పలకకు పైకి, పక్కదానికి కిందికి ఉండాలి. అడ్డబద్దకు జిగురు వద్దు. నడిమి స్క్రూ గట్టిగా బిగించి, చివరి స్క్రూల రంధ్రాలు బద్ద పొడవునా కోలగా తీయాలి. వార్నిషు పైనా, అడుగునా వేయాలి. 8 అడుగుల బల్లకు నడుమ కూడా ఊతం ఉంటే వంగదు.

డబ్బు చెల్లించే ముందు బల్ల అడుగు చూడండి. రంధ్రాలు కోలగా లేకుంటే అప్పుడే సరిచేయించడం తేలిక. పగిలాక అతకడం కష్టం.