సముద్రంలో మునిగిన గుడ్డు ఉప్పుమడిలో తేలింది!

బరువైనది మునుగుతుంది, తేలికైనది తేలుతుంది. బాపట్ల జిల్లా తీరంలోని ఓ గ్రామ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలను అడిగితే చాలామంది చెప్పిన సమాధానం ఇది. అదే పిల్లలను సాంద్రత అంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా ‘ద్రవ్యరాశి బై ఘనపరిమాణం’ అని ముక్తకంఠంతో అప్పజెప్పారు. పరీక్షలో రెండు మార్కులకు ఢోకా లేదు. కాని చెప్పిన దానికీ, నమ్మే దానికీ పొంతన లేదని సైన్సు ఉపాధ్యాయునికి అనుమానం వచ్చింది.

అనుమానం తీర్చుకోవడానికి ఆయన బల్లమీద నీళ్ల బకెట్ పెట్టి కొత్త బట్టల సబ్బు వేశారు. మునిగింది. తీసి, చాకుతో చిన్న ముక్క కోసి, ఇది వేస్తే ఏమవుతుందన్నారు. “తేలిద్ది సార్, తేలికే గదా” అన్నారు ముందు బెంచీ వాళ్లు. అదీ మునిగింది. ఇంకా చిన్న ముక్క కోయమన్నారు. గోరంత ముక్క కూడా అడుగుకే పోయింది. కొవ్వొత్తి వేస్తే తేలింది, రెండుగా విరిచి వేస్తే రెండూ తేలాయి. సూత్రం కంఠతా వచ్చిన పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

సబ్బు చిన్నదైతే బరువు తగ్గుతుంది, అది ఆక్రమించే చోటూ అదే లెక్కన తగ్గుతుంది. అందువల్ల ఒక ఘన సెంటీమీటరు సబ్బు ఎంత తూగుతుందనేది మారదు. పుస్తకంలో ఉన్నది ఈ మాటే. కాని అక్కడ అది ఒక భాగహారంగా కనిపిస్తుంది. పిల్లవాడు పైన ఒక అంకె, కింద ఒక అంకె వేసి జవాబు రాస్తాడే తప్ప, అది ఏ వస్తువుకు ఆ వస్తువుకు ఉండే గుణమని గుర్తించడు.

మరునాడు ఆయన ఒక పాత సోల తెచ్చారు. కిలోల లెక్క రాకముందు మన పల్లెల్లో గింజలు కొలిచింది సోల, తవ్వ, మానిక, కుంచాలతోనే. ఇవన్నీ చోటును కొలిచేవి, బరువును కావు. సోలెడు బియ్యం, సోలెడు అటుకులు, సోలెడు గళ్లుప్పు పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద తూచి చూపారు. కొలత ఒకటే, తూకాలు మూడు రకాలు. అటుకులు అందరికంటే వెనకబడ్డాయి. గళ్లుప్పును దంచి మళ్లీ సోల నింపితే తూకం పెరిగింది. “ఉప్పు మారిందా?” అని అడిగితే, గళ్ల నడుమ ఉన్న గాలి పోయిందని వెనక బెంచీ కుర్రవాడు చెప్పాడు. పాఠం సగం అక్కడే నడిచిందనాలి.

కుళ్లిన గుడ్డు తెచ్చిన చిక్కు

మూడోరోజు గుడ్డు వంతు. మంచినీటిలో మునగాలి, ఉప్పునీటిలో తేలాలి. ఏళ్ల తరబడి బళ్లలో చేసి చూపుతున్న ప్రయోగమే. తీరా కొట్టు నుంచి తెచ్చిన గుడ్డు మంచినీళ్లలోనే బుడుంగున పైకి వచ్చి తేలింది. తరగతి గొల్లుమంది. ఉపాధ్యాయుడు తెల్లబోయినా గుడ్డు పగలగొట్టి చూపారు. కుళ్లిన వాసనకు కిటికీలు తెరవాల్సి వచ్చింది.

గుడ్డు పెంకుకు కంటికి కనపడనన్ని సన్నని రంధ్రాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ ఆవిరై పోతుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. పెంకు సైజు మారదు గనుక చోటు అంతే, బరువు మాత్రం తగ్గుతుంది. అందుకే పాతగుడ్డు తేలుతుంది. గృహిణులు గుడ్లను నీళ్లలో వేసి చూసేది ఇందుకే. ప్రయోగం తప్పిపోయిందనుకున్నది కాస్తా, అనుకున్న పాఠం కంటే మంచి పాఠమైంది.

తాజాగుడ్డు తెచ్చి తూచారు. 54 గ్రాములు. నిండా నీళ్లున్న చెంబులో దించి, పొర్లిన నీటిని సూది తీసేసిన సిరంజితో కొలిస్తే 50 మిల్లీలీటర్లు. అంటే ఘన సెంటీమీటరుకు 1.08 గ్రాములు. నీటికి ఒక గ్రాము. తేడా ఇంతే, మునిగేది ఈ కాస్త తేడాకే.

“మరి సముద్రంలో వేస్తే?” అని అడిగారు ఉపాధ్యాయుడు. కడలి పక్కన పుట్టి పెరిగిన పిల్లలు. ఒక్కరు కూడా సందేహించలేదు. “తేలిద్ది సార్!” అన్నారు. సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు సైకిలు మీద వెళ్లి క్యాను నిండా సముద్రపు నీరు పట్టుకొచ్చారు. మరునాడు గుడ్డు వేస్తే నిమ్మకు నీరెత్తినట్లు అడుగునే కూర్చుంది.

లీటరు సముద్రపు నీటిని తూచితే 1020 గ్రాముల పైచిలుకు వచ్చింది. లీటరు చోటు ఆక్రమించే గుడ్లు తూగేది 1080. సముద్రం ఉప్పన అయినంత మాత్రాన సరిపోదు, చాలినంత ఉప్పన కావాలి. కృష్ణా గోదావరుల వంటి నదులు కలిసే బంగాళాఖాతంలో, వరదల రోజుల్లో ఒడ్డునీరు ఇంకా పలచబడుతుంది కూడా. లీటరు మంచినీటిలో 130 నుంచి 150 గ్రాముల ఉప్పు కలిపితే గాని తాజాగుడ్డు లేవదు.

ఇంతలో, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక బాలిక లేచి, “మా మడినీళ్లలో తేలిద్ది సార్” అన్నది. ఆమె తల్లిదండ్రులిద్దరూ ఉప్పు మడుల్లో పనిచేస్తారు. తేలుతుందని ఎలా తెలుసునంటే, “మా నాన్న డిగ్రీ చూస్తాడు” అని కూర్చుంది.

మడిగట్టు మీది భౌతికశాస్త్రం

చినగంజాం పరిసరాల్లో ఉప్పు పండించే వారికి ‘డిగ్రీ’ కొత్త మాట కాదు. అడుగున బరువు, పైన అంకెలు వేసిన సన్నని కాడ ఉండే గాజు పరికరం అది. నీరు చిక్కబడేకొద్దీ పైకి లేస్తుంది. ఫ్రాన్సు దేశపు మందుల తయారీదారు ఆంత్వాన్ బోమే 1768లో రూపొందించిన కొలత ఇది. ఆయన లెక్క సులభం. మంచినీటిలో కాడ ఎక్కడిదాకా మునిగితే అక్కడ సున్న. నూటికి 15 పాళ్లు ఉప్పున్న నీటిలో ఎక్కడిదాకా మునిగితే అక్కడ 15. నడుమ సమానంగా గీతలు.

ఉపాధ్యాయుడి కోరికపై ఆ బాలిక తండ్రి ఒక మధ్యాహ్నం పరికరంతో, క్యాను నిండా మడినీటితో బడికి వచ్చాడు. మొదట గుమ్మం దాటడానికి మొహమాటపడ్డాడు. “నాకేం తెలుసు మేష్టారూ, వేలుముద్రగాణ్ణి” అన్నాడు. తర్వాత అరగంట సేపు ఆపకుండా చెప్పాడు. సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండకూ గాలికీ మడి నుంచి మడికి చిక్కబడుతూ వస్తుంది. 25 దగ్గరకు వస్తే ఉప్పు పడుతుంది. 29 దాటనిస్తే చేదు కలుస్తుంది, ఆ నీటిని వదిలేయాలి. అందుకు కారణమైన మెగ్నీషియం లవణాల పేర్లు ఆయనకు తెలియవు. చేదు పడిన ఉప్పుకు ధర ఉండదని తెలుసు. డిగ్రీ చూడటంలో పొరబడితే పోయేది మార్కులు కావు, కష్టపడి పండించిన పంట.

ఉపాధ్యాయుడు ఆ అంకెలను పిల్లల భాషలోకి మార్చారు. 25 డిగ్రీలంటే లీటరు నీరు 1200 గ్రాముల పైన తూగుతుంది. అంతకు మించి ఉప్పును నీరు తనలో ఇముడ్చుకోలేదు, అందుకే గళ్లు కడుతుంది. సముద్రపు నీరు ఆ స్థితికి రావాలంటే పది బిందెలది సుమారు ఒక బిందెకు ఇంకాలి. మడినీటిలో వేసిన గుడ్డు మునగడం మాట అటుంచి, బాగా పైకి తేలి బంతిలా ఊగింది. తండ్రి వంక చూసి ఆ బాలిక మొదటిసారి తరగతిలో నవ్వింది.

ఆ తర్వాత పిల్లలే ఉదాహరణలు తేవడం మొదలుపెట్టారు. పాలకేంద్రంలో వేసే లాక్టోమీటరు సంగతి ఒకడు చెప్పాడు. అది 30 చూపితే పాల సాంద్రత నీటికి 1.030 రెట్లని అర్థం. నీళ్లు కలిపితే అంకె పడిపోతుంది. అయితే ఇక్కడో తిరకాసు ఉంది. వెన్న నీటికంటే తేలిక గనుక, మీగడ తీసిన పాలకు అంకె పెరుగుతుంది. మీగడ తీసి, తగినన్ని నీళ్లు కలిపితే లాక్టోమీటరు ఏమీ ఎరగనట్లు మళ్లీ 30 చూపుతుంది! ఒక్క సాంద్రతతో పాల మంచిచెడ్డలు తేలవు గనుకనే వెన్న శాతం విడిగా చూసి ధర కడతారు. ఈ గుట్టు వినగానే తరగతిలో పాడి ఉన్న ఇళ్ల పిల్లలు గుసగుసలాడుకున్నారు.

మరో పిల్లవాడి తాత వరి విత్తనాలను ఉప్పునీటిలో పోసి తాలు తేల్చేవాడట. గుడ్డు తేలి పైన పావలా బిళ్లంత కనిపించేదాకా ఉప్పు కలపడం, తేలిన గింజలను పారబోయడం, మునిగిన గట్టిగింజలను మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి నారుకు వాడటం రైతులకు తెలిసిన పద్ధతే. కడగకపోతే మొలక దెబ్బతింటుంది. కర్ర ఏదైనా తేలుతుందన్న ధీమా కూడా ఎంతోసేపు నిలవలేదు. శేషాచలం అడవుల ఎర్రచందనం చేవ నీటిలో మునుగుతుందని ఉపాధ్యాయుడు చెప్పగా నమ్మని వాళ్లు ఇంకా ఉన్నారు. ముక్క తెచ్చి చూపమంటున్నారు గాని, అది ఆయన వల్ల అయ్యే పని కాదు!

ఇదంతా చక్కగా ఉన్నా, రెండు పీరియడ్లలో ముగియాల్సిన పాఠానికి ఎనిమిది పట్టాయి. సిలబస్ వెనకబడుతుందని తోటి ఉపాధ్యాయుల్లో కొందరు పెదవి విరిచారు. వారి మాటనూ కొట్టిపారేయలేం. పరీక్షలో అడిగేది సూత్రమే, గుడ్డు సంగతి ఎవరూ అడగరు. కాటా కిరాణా కొట్టుది, గాజు పరికరం ఉప్పు కూలీది, సిరంజి మందుల షాపుది. బడి సొంతంగా పెట్టింది బకెట్ ఒక్కటే. ఏటా ఇలా అరువు తెచ్చి నడపడం ఎంతకాలం సాధ్యమో చెప్పడం కష్టం.

ఖాళీ బాల్‌పెన్ రిఫిల్‌ను లోహపు మొన కిందికి వచ్చేలా నీటిలో నిలబెట్టి లాక్టోమీటరు చేసే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉండేది. ఉపాధ్యాయుడు దాన్ని చూపి, ఎవరికి వారు చేసుకు రమ్మన్నారు. ఆ బాలిక చేసింది. మంచినీటిలో ఆగిన చోట దారం కట్టి సున్న అనుకున్నది. 850 గ్రాముల నీటిలో 150 గ్రాముల ఉప్పు కరిగించి, ఆగిన చోట 15 అనుకున్నది. ఆ నడిమి దూరాన్ని మూడు భాగాలు చేసి, అదే కొలతతో కిందికి మరో రెండు గీతలు గీసింది.

ఆదివారం తండ్రి వెంట మడికి వెళ్లి రెండూ పక్కపక్కన నీటిలో పెట్టింది. గాజు పరికరం 22 చూపింది. రిఫిల్ 20 గీతకూ 25 గీతకూ నడుమ నిలబడింది. “గీతలు ఇంకా దగ్గర దగ్గరగా కొట్టాల్సింది అమ్మాయ్” అన్నాడు తండ్రి.